బియ్యం సంచి మీది అంకె, చేతి మీది సెన్సర్

బియ్యం సంచి మీద ‘లో జీఐ’ అని, అంటే తిన్నాక షుగర్‌ను మెల్లగా పెంచుతుందని, ముద్ర ఉంటుంది. ఆ బియ్యమే వండుకుని తిన్న మనిషి జబ్బ మీది సెన్సర్ గంట తర్వాత ఫోన్‌లో షుగర్ 168 చూపిస్తుంది. ఇంట్లో అప్పటికప్పుడు తేలిపోయే తీర్పు ఒకటే: సంచి మీద రాసింది అబద్ధం. కంపెనీ వాళ్లను అడిగితే సెన్సర్ తప్పు అంటారు. నిజానికి చాలాసార్లు రెండూ అబద్ధం కావు. సంచి మీది అంకె పదిమంది మీద ఒక పద్ధతిలో కొలిచిన సగటు. ఫోన్‌లోది ఒక మనిషికి, ఒక పూట, ఒక పళ్లెం తర్వాత వచ్చిన రీడింగ్. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడంలోనే చిక్కంతా ఉంది.

ఈ చిక్కు కొద్దిమందిది కాదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. అన్నం మానలేని ఇళ్లలో ‘ఏ బియ్యం తినాలి’ అన్నది రోజువారీ ప్రశ్న. జవాబు కోసం వెతికితే దొరికే అంకెలు ఇలా ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2018లో ప్రచురించిన కొలతల్లో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి జీఐ 51. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2012లో ప్రచురించిన కొలతల్లో సోనా మసూరి జీఐ 72. మొదటిది ‘తక్కువ’ గడిలో, రెండోది ‘ఎక్కువ’ గడిలో పడుతుంది. సాంబ మసూరి, సోనా మసూరి ఒకటి కావు. రెండూ బాపట్ల నుంచే వచ్చినా రెండోది బీపీటీ 3291. దుకాణంలో మాత్రం ఈ తేడా నిలవదు. సన్నబియ్యం ఏదైనా చాలాచోట్ల ‘సోనా మసూరి’ పేరుతోనే అమ్ముడుపోతుంది. సంచి మీద పేరు చూసి అంకె వెతుక్కునే వాళ్లకు మొదటి గుంట ఇక్కడే.

అంకె ఎలా పుడుతుంది

గ్లైసెమిక్ ఇండెక్స్, క్లుప్తంగా జీఐ, 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం తెచ్చిన కొలత. దాన్ని కొలిచే తీరుకు 2010లో ఐఎస్‌ఓ 26642 అనే ప్రమాణం వచ్చింది. ప్రమాణం చెప్పే పని చూడ్డానికి సులువే. షుగర్ లేని, ఆరోగ్యంగా ఉన్న పది మందిని తక్కువ కాకుండా తీసుకుంటారు. రాత్రి భోజనం తర్వాత పది గంటలకు పైగా ఏమీ తినకుండా పొద్దున్నే వస్తారు. పరగడుపున రెండుసార్లు రక్తం తీసి సగటు కడతారు. తర్వాత 50 గ్రాముల జీర్ణమయ్యే పిండిపదార్థం వచ్చేంత అన్నం, పావు లీటరు నుంచి అర లీటరు నీళ్లు ఇస్తారు. పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో తినెయ్యాలి. మొదటి ముద్ద నుంచి లెక్క పెట్టి 15, 30, 45, 60, 90, 120 నిమిషాలకు వేలి నుంచి రక్తం తీస్తారు. వేరే రోజుల్లో అదే మనిషికి 50 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి ఇదే పని చేస్తారు. అదీ ఒక్కసారి సరిపోదు, రెండు మూడు సార్లు చేయాలి. రీడింగులను గ్రాఫు మీద కలిపితే ఒక గీత వస్తుంది. అన్నం గీత కింది వైశాల్యాన్ని గ్లూకోజ్ గీత కింది వైశాల్యంతో భాగించి వందతో గుణిస్తే ఆ మనిషికి జీఐ. పది మంది సగటు ఆ అన్నం జీఐ. 55 లోపు తక్కువ, 56 నుంచి 69 మధ్యస్థం, 70 పైన ఎక్కువ.

వైశాల్యం అంటే పరగడుపు గీతకు పైన ఉన్న భాగం మాత్రమే, కింద ఉన్నది లెక్కలోకి రాదు. ఈ ఒక్క నియమం వల్ల కొలత మొత్తం పరగడుపు రీడింగ్ మీద ఊగుతుంది. ఎంతగా ఊగుతుందో ఒక లెక్క వేసి చూస్తే గానీ నమ్మబుద్ధి కాదు.

ఉదాహరణకు ఒకరికి పరగడుపున 92 ఉందనుకుందాం (ఇక్కడ అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో). అన్నం తిన్నాక వరుసగా 104, 131, 142, 133, 112, 96 వచ్చాయి. 92 మీద పెరుగుదల 12, 39, 50, 41, 20, 4. ముక్కలు ముక్కలుగా కూడితే వైశాల్యం 3097. ఆ మనిషికి గ్లూకోజ్ వైశాల్యం 4600 అయితే జీఐ 67. ఇప్పుడు తర్వాతి రీడింగులన్నీ అలాగే ఉంచి, పరగడుపు రీడింగ్ ఒక్కటి 92 బదులు 100 అని పడిందనుకోండి. పెరుగుదల 4, 31, 42, 33, 12 అవుతుంది. చివరిది గీత కిందికి దిగిపోతుంది. వైశాల్యం 2212, జీఐ 48. అన్నం అదే, మనిషి అదే, రక్తం అదే. ఒక్క రీడింగ్‌లో 8 తేడాతో మధ్యస్థంలో ఉన్న బియ్యం ‘తక్కువ’ గడిలోకి దూకింది. ఇళ్లలో వాడే గ్లూకోమీటర్లకు 2013 నాటి ఐఎస్‌ఓ 15197 ప్రమాణం 100 లోపు రీడింగుల్లో 15 దాకా తేడాను ఒప్పుకుంటుంది. దాంతో పోలిస్తే 8 చాలా చిన్నది.

అందుకే ప్రయోగశాలలు పరగడుపున రెండుసార్లు కొలుస్తాయి, మెరుగైన యంత్రాలు వాడతాయి, గ్లూకోజ్ పరీక్షను మళ్లీ చేస్తాయి. ఒకే మనిషి ఒకే గ్లూకోజ్ నీళ్లు వేర్వేరు రోజుల్లో తాగినప్పుడు వైశాల్యం సగటున 30 శాతం దాకా అటూ ఇటూ పోవచ్చని ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఆ హద్దు దాటితే పరీక్ష మీదే అనుమానపడాలి. చెన్నై కొలతలో సోనా మసూరి 72 పక్కన 4.5 అన్న ప్రామాణిక దోషం కూడా ఉంది. దాన్ని బట్టి చూస్తే అసలు విలువ 63 నుంచి 81 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. సంచి మీద అచ్చువేసే వాళ్లు ఈ అటూఇటూ భాగాన్ని వదిలేస్తారు. తేడా 20 ఉన్న రెండు రకాల మధ్య ఏది మెరుగో చెప్పొచ్చు. 51కి 54కి మధ్య ఎంపిక చేసుకోవడం మాత్రం కాగితం మీది పని.

గింజలో ఏముంది

ఇంత ఊగిసలాట ఉన్నా బియ్యం రకాల మధ్య తేడా కల్పితం కాదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు కలిసి 235 రకాలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాల్లో జీఐ 48 నుంచి 92 వరకు పరుచుకుంది, సగటు 64. తక్కువ జీఐ రకాల్లో పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు నుంచి వచ్చిన స్వర్ణ (ఎంటీయూ 7029) ఉంది. ‘షుగర్ బియ్యం’ అన్న ముద్ర లేకుండా, ముతక బియ్యమని చిన్నచూపు చూసే బియ్యం అది. తెలంగాణ సోనా (ఆర్ఎన్ఆర్ 15048), హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ తోడ్పాటుతో ఎండాకు తెగులును తట్టుకునేలా తీర్చిన మెరుగైన సాంబ మసూరి, ఈ రెండింటికీ ప్రచారంలో ఉన్న జీఐ 51కి అటూ ఇటూ.

తేడాకు ప్రధాన కారణం గింజలోని పిండి కట్టుబడి. పిండిలో రెండు రకాల గొలుసులుంటాయి. అమైలోపెక్టిన్ చెట్టు కొమ్మల్లా విచ్చుకుని ఉంటుంది, జీర్ణరసాల ఎంజైములు ఒకేసారి వంద కొసల దగ్గర పని మొదలుపెడతాయి. అమైలోజ్ చాలావరకు కొమ్మలు లేని పొడుగు గొలుసు, చల్లారితే ఒకదానికొకటి దగ్గరగా అల్లుకుపోయి ఎంజైముకు చోటివ్వదు. అమైలోజ్ ఎక్కువున్న బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, తక్కువున్నది ముద్దవుతుంది. ముద్దయ్యే అన్నం సాధారణంగా షుగర్‌ను త్వరగా పెంచుతుందన్న వంటింటి అంచనా ఇక్కడి దాకా సరైనదే. కానీ ఫిలిప్పీన్స్‌లో 1991లో అమైలోజ్ దాదాపు సమానంగా ఉన్న మూడు రకాలను మనుషుల మీద పరీక్షిస్తే ఫలితాలు వేర్వేరుగా వచ్చాయి. గింజ ఏ వేడి దగ్గర మెత్తబడుతుంది, ఉడకడానికి ఎంతసేపు పడుతుంది అన్నవీ లెక్కలోకి వస్తాయని దాంతో తేలింది. అమైలోజ్ శాతం ఒక్కటే చూసి జీఐ చెప్పే ప్రకటనలను అందుకే పక్కన పెట్టాలి.

రకం తర్వాత మిల్లు. చెన్నై సంస్థ 2017లో ఒకే రకం ఉప్పుడు బియ్యాన్ని మూడు స్థాయిల్లో కొలిచింది. పాలిష్ పట్టనిది 57.6, అతి తక్కువ పాలిష్ పట్టింది 73, పూర్తిగా పట్టింది 79.6. చూడాల్సింది చివరి అంకెను కాదు, మధ్య అంకెను. తవుడు పొర కాస్త చెదరగానే పెరుగుదలలో ఎక్కువ భాగం అయిపోయింది. పొర గీసుకుపోతే నీళ్లు లోపలికి త్వరగా దిగుతాయి, గింజ ఉబ్బి మెత్తబడుతుంది. ‘సెమీ పాలిష్డ్’, ‘సింగిల్ పాలిష్’ అని రాసిన సంచులు దంపుడు బియ్యానికి దగ్గరగా ఉంటాయన్న నమ్మకం మీద అమ్ముడుపోతున్నాయి. ఈ కొలత ప్రకారం అవి తెల్లబియ్యానికే దగ్గర.

ఆ తర్వాత వంట. ఉడికిన అన్నాన్ని చల్లార్చితే అమైలోజ్ గొలుసులు మళ్లీ గట్టిగా అల్లుకుని కొంత పిండి జీర్ణం కాని రూపంలోకి మారుతుంది. ఇండోనేషియాలో 2015లో చేసిన అధ్యయనంలో వేడి అన్నంలో వంద గ్రాములకు 0.64 గ్రాముల ఇలా జీర్ణం కాని ‘నిరోధక పిండి’ ఉంది. గది వేడిలో పది గంటలు చల్లార్చితే 1.30 గ్రాములు, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 24 గంటలుంచి మళ్లీ వేడిచేస్తే 1.65 గ్రాములు అయింది. పదిహేను మంది తిని చూస్తే ఫ్రిజ్‌లో పెట్టి వేడిచేసిన అన్నం కింది వైశాల్యం తాజా అన్నం కంటే 18 శాతం దాకా తగ్గింది. చద్దన్నాన్ని మెచ్చుకునే వ్యాసాలన్నీ ఈ ఫలితాన్నే తిప్పితిప్పి చెబుతాయి. కానీ మారిన పిండి వంద గ్రాముల అన్నంలో ఒక గ్రాము, మిగతా పాతిక గ్రాములకు పైగా పిండి ఎలా ఉండేదో అలాగే ఉంది. రెండో ముద్ద అదనంగా పెట్టుకుంటే లాభమంతా పోతుంది.

చద్దన్నం విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడకబెట్టినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలో ఉంటే మొలకెత్తి, వాంతులు పుట్టించే విషం వదులుతాయి. ఆ విషం 121 డిగ్రీల వేడిని కూడా తట్టుకుంటుంది. మళ్లీ వేడిచేస్తే సరిపోతుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. షుగర్ కోసం చల్లార్చే వాళ్లు వండిన గంటలోపు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఆవిరి పోయాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. మజ్జిగో గంజో పోసి పులియబెట్టే పాత పద్ధతిలో పులుపు బ్యాక్టీరియాను కొంత అడ్డుకుంటుంది. మే నెలలో, ఫ్రిజ్ బయట, ఆ కొంత సరిపోతుందన్న హామీ లేదు.

హారంలో జరిగే మాయ

‘షుగర్ తగ్గించే రైస్ కుక్కర్’ అని అమ్ముతున్న యంత్రాలు ఈ కథలో మంచి మలుపు. లోపల చిల్లుల గిన్నె ఉంటుంది, అన్నం సగం ఉడికాక నీళ్లు కిందికి దిగిపోతాయి. గంజి వార్చే పనే, కరెంటుతో. జపాన్ జాతీయ వినియోగదారుల వ్యవహారాల కేంద్రం 2023లో ఇలాంటి మోడళ్లు కొన్ని తీసుకుని పరీక్షించింది. వంద గ్రాముల అన్నానికి పిండిపదార్థం నిజంగానే తక్కువ వచ్చింది. కారణం చూస్తే అన్నంలో నీళ్లు ఎక్కువ. పోసిన బియ్యం లెక్కన చూస్తే మామూలుగా వండిన దానికీ దీనికీ పెద్ద తేడా లేదు. మెత్తగా, నీళ్లగా ఉడికిన అన్నం ఒక గరిటె తక్కువ పెట్టుకున్నట్టే. దానికి గరిటె చాలు, యంత్రం అక్కర్లేదు.

జీఐ అంకెలోనూ ఇదే హారం దాగి ఉంది. జీఐ ఎప్పుడూ 50 గ్రాముల పిండిపదార్థానికే. ముడి బియ్యంలో వంద గ్రాములకు సుమారు 78 గ్రాముల పిండిపదార్థం కాబట్టి ఆ 50 గ్రాములు సుమారు 65 గ్రాముల బియ్యంలో, అంటే దాదాపు 180 గ్రాముల ఉడికిన అన్నంలో ఉంటాయి. మన ఇళ్లలో ఒక పూట పళ్లెంలో 300 గ్రాముల అన్నం పెద్ద విశేషం కాదు. ఉడికిన అన్నంలో 28 శాతం పిండిపదార్థం వేసుకుంటే 84 గ్రాములు. జీఐ 51 ఉన్న బియ్యమే అయినా భారం, అంటే పిండిపదార్థాన్ని జీఐతో గుణించి వందతో భాగించిన విలువ, 43. జీఐ 72 ఉన్న బియ్యం 150 గ్రాములు తింటే 30. ‘లో జీఐ’ బియ్యం కొని రెట్టింపు తినే ఇంట్లో సంచి మీద రాసింది నిజమే, షుగర్ పెరిగేదీ నిజమే.

జబ్బ మీది సెన్సర్ ఏం కొలుస్తుంది

సెన్సర్ రక్తాన్ని తాకదు. చర్మం కింద సుమారు 5 మిల్లీమీటర్ల లోతుకు దిగిన సన్నటి తీగ కణాల మధ్య ఉండే ద్రవంలో మునిగి ఉంటుంది. తీగ మీద పూత పూసిన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌ను విరగ్గొట్టినప్పుడు ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి, ఆ సన్నటి కరెంటును బట్టి అంకె కడతారు. ఎంజైమును ఎలక్ట్రోడ్‌కు జోడించే ఆలోచన 1962లో లీలాండ్ క్లార్క్‌ది. ఇప్పటి డెక్స్‌కామ్, ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్లు రెండూ ఆ వంశంవే. 2024 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డాక్టరు చీటీ లేకుండా కొనుక్కునే మొదటి సెన్సర్‌కు అనుమతి ఇచ్చాక ఇది పూర్తిగా వినియోగ వస్తువు అయిపోయింది. షుగర్ లేని వాళ్లు కూడా ‘ఏం తింటే ఎంత’ అని చూసుకోవడానికి పెట్టుకుంటున్నారు.

రక్తంలో మార్పు కణాల మధ్య ద్రవంలోకి చేరడానికి సమయం పడుతుంది, సెన్సర్ లెక్క కట్టడానికి ఇంకాస్త. మొత్తం మీద 5 నుంచి 15 నిమిషాల వెనకబాటు. షుగర్ నిలకడగా ఉన్నప్పుడు ఇది పెద్దగా తెలియదు. అన్నం తిన్నాక గంటలోపు గీత నిట్టనిలువుగా లేచేటప్పుడు, దిగేటప్పుడు వేలి రీడింగ్‌కూ దీనికీ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పెట్టిన మొదటి రోజు గాయం మానే క్రమంలో రీడింగులు తప్పుతాయి. ఆ చెయ్యి కిందికి వేసి పడుకుంటే ద్రవం ప్రసారం తగ్గి, అర్ధరాత్రి 58 అని అలారం మోగుతుంది, అటు తిరిగి పడుకున్నాక పావుగంటలో సర్దుకుంటుంది. రోజుకు 500 మిల్లీగ్రాములకు మించి విటమిన్-సి మాత్రలు వేసుకుంటే కొన్ని లిబ్రే రకాల్లో అంకె ఉన్నదానికంటే పైకి పోతుంది, ఎందుకంటే విటమిన్-సి కూడా ఆ ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు వదులుతుంది. పాత డెక్స్‌కామ్ రకాలకు ఇదే బాధ పారాసిటమాల్‌తో ఉండేది.

ఈ సెన్సర్ల కచ్చితత్వాన్ని సగటున 8 నుంచి 10 శాతం తేడాగా చెబుతారు. ఇన్సులిన్ తీసుకునే మనిషి రాత్రి షుగర్ పడిపోతోందా, రోజులో ఎంతసేపు 70-180 మధ్య ఉంటోంది (70 శాతానికి మించి ఉండాలన్నది 2019 నాటి అంతర్జాతీయ ఏకాభిప్రాయం) అని చూడ్డానికి అది ధారాళంగా సరిపోతుంది. అదే పరికరంతో ఇడ్లీ మంచిదా దోసె మంచిదా అని తేల్చబోతే ఇబ్బంది మొదలవుతుంది. ఇందాకటి లెక్కలో పరగడుపు రీడింగ్‌లో 8 తేడా ఏం చేసిందో చూశాం. సెన్సర్‌లో 8 తేడా రోజూ జరిగేదే.

పరిశోధనలోనూ ఇదే గొడవ నడిచింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎరాన్ సెగల్, ఎరాన్ ఎలినావ్ బృందం 2015లో 800 మందికి వారం పాటు సెన్సర్లు పెట్టి 46,898 భోజనాలను గమనించింది. ఒకే తిండికి వేర్వేరు మనుషుల్లో షుగర్ వేర్వేరుగా పెరుగుతోందని తేల్చింది. ‘ఎవరి తిండి వారిది’ అన్న యాప్‌ల వ్యాపారం చాలావరకు దాని మీద నిలబడింది. మనుషుల మధ్య తేడా ఉందన్న మాటలో తప్పు లేదు. అయితే అదే మనిషి అదే తిండి మళ్లీ తింటే ఎంత తేడా వస్తుందో కూడా తెలియాలి కదా? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం ఆ పని చేసింది. 2020లో పదహారు మందికి ఒకేసారి రెండు కంపెనీల సెన్సర్లు పెడితే, ఏ భోజనం ఎక్కువ పెంచింది అన్న వరసలో రెండూ తరచూ విభేదించాయి. తర్వాత ఆస్పత్రిలోనే ఉంచి, తూచి పెట్టిన భోజనాన్నే వారం తేడాతో మళ్లీ పెట్టి చూశారు. ఒకే భోజనానికి రెండుసార్లు వచ్చిన ఫలితాల మధ్య తేడా, వేర్వేరు భోజనాల మధ్య తేడాతో దాదాపు సమానం. ఒక్కసారి తిని ‘నాకు అరటిపండు పడదు’ అని రాసుకునే వాళ్లు ఈ ఫలితం దగ్గర కాస్త ఆగాలి.

బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం 2025లో ఇంకో వైపు నుంచి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న వాళ్లకు పండ్ల స్మూతీ ఇచ్చి వేలి రక్తంతో, సెన్సర్‌తో ఒకేసారి కొలిచారు. వేలి లెక్కన జీఐ 53, సెన్సర్ లెక్కన 69. తిండి ఒకటే, గడులు రెండు.

ఇదే సెన్సర్‌ను సరిగ్గా వాడిన పని చూడాలంటే మళ్లీ చెన్నై వెళ్లాలి. 2014లో బరువెక్కువున్న కొద్దిమందికి ఐదేసి రోజులు తెల్లన్నం, దంపుడు బియ్యం అన్నం, దంపుడు బియ్యంతో పాటు పప్పుధాన్యాలు మార్చిమార్చి పెట్టి, ఒక్కో పూట గీతను కాక ఐదు రోజుల సగటు వైశాల్యాన్ని పోల్చారు. తెల్లన్నం కంటే దంపుడు బియ్యంతో 19.8 శాతం, పప్పులు కలిపితే 22.9 శాతం తగ్గింది. పరికరం అంత గొప్పదేమీ కాదు, ప్రశ్నను సగటు మీద అడగడం వల్ల జవాబు నిలబడింది.

షుగర్ లేని వాళ్లకు ఒక మాట. 153 మంది ఆరోగ్యవంతులకు సెన్సర్లు పెట్టి 2019లో ప్రచురించిన అధ్యయనంలో రోజులో 96 శాతం సమయం 70-140 మధ్య గడిచింది, సుమారు అరగంట 140 దాటింది. అంటే భోజనం తర్వాత గీత ఒకసారి 150 తాకి దిగడం ఆరోగ్యవంతుల్లోనూ మామూలే. ‘స్పైక్’ అన్న మాట భయపెట్టినంతగా ఆ అంకె భయపడాల్సింది కాదు. ఇక సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలు, ఉంగరాల మాటకొస్తే, వాటిలో దేనికీ అనుమతి ఇవ్వలేదని, వాడొద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

ఇంట్లో రెండు బియ్యాలను పోల్చాలంటే

సెన్సర్ ఉంది, రెండు సంచులున్నాయి, తేల్చుకోవాలనుంది. చేయొచ్చు. అయితే వారానికి పైగా పడుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడకుండా పూటలు, మందులు అటూ ఇటూ చేయకూడదు.

సెన్సర్ పెట్టిన మొదటి రెండు రోజులు వదిలేయాలి. పరీక్ష పొద్దున పూటే, ఎందుకంటే మధ్యాహ్నం గీతలో టిఫిన్ ప్రభావం కలిసిపోతుంది. ముందు రాత్రి భోజనం రోజూ ఒకేలా, ఒకే వేళకు. ముడి బియ్యం 65 గ్రాములు వంటింటి త్రాసు మీద తూచాలి, గ్లాసుతో కొలిస్తే సన్నబియ్యానికీ ముతకబియ్యానికీ బరువు తేడా వస్తుంది. ఎసరు రెండింటికీ ఒకటే, అంటే బియ్యం బరువుకు రెండున్నర రెట్లు. కుక్కర్ అదే, విజిళ్లు అన్నే, మూత తీశాక ఆగే సమయం అంతే. పక్కన పప్పు పెట్టుకుంటే ప్రతిసారీ 100 గ్రాములు తూచే పెట్టుకోవాలి. తినే వరస కూడా మార్చకూడదు. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్‌లో 2015లో షుగర్ ఉన్న పదకొండు మందికి కూరగాయలు, మాంసం ముందు పెట్టి పదిహేను నిమిషాల తర్వాత బ్రెడ్, పళ్లరసం ఇస్తే, తిరగేసి తిన్నప్పటి కంటే గంట దగ్గర రీడింగ్ 36.7 శాతం తక్కువ వచ్చింది. వరస మారితే బియ్యం తేడా ఎటు పోయిందో కూడా తెలియదు. పదిహేను నిమిషాల్లో తిని, రెండు గంటలు కూర్చోవాలి. మధ్యలో పది నిమిషాలు నడిచినా గీత వంగుతుంది.

మొదటి సంచి మూడు రోజులు, తర్వాత రెండో సంచి మూడు రోజులు అని పెట్టుకుంటే సెన్సర్ రోజురోజుకూ పక్కకు జరిగిన తప్పు కూడా బియ్యం ఖాతాలో పడుతుంది. ఒకటి, రెండు, రెండు, ఒకటి, ఒకటి, రెండు అని కలిపి వేయాలి. పరగడుపు విలువగా తినడానికి ముందు అరగంటలో ఉన్న రీడింగులన్నిటి సగటు తీసుకోవాలి, చివరి ఒక్కటి కాదు. తినే ముందు, గంట తర్వాత స్ట్రిప్‌తో కూడా చూడాలి. దానికి ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకోవాలి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే స్ట్రిప్ ఆ రసాన్నే కొలుస్తుంది.

ఆరు రోజుల తర్వాత ఒక్కో సంచికి మూడు వైశాల్యాలుంటాయి. మొదటి సంచి మూడు ఫలితాలు 2400, 3300, 2900. రెండో సంచివి 2600, 3100, 2500 అని వచ్చాయనుకోండి. ఒకదాని పరిధిలోనే రెండోది ఉంది. అప్పుడు సగటులో ఉన్న నూట ముప్పై పైచిలుకు తేడాను పట్టించుకోనక్కర్లేదు, ఏ బియ్యం చవకో అది కొనుక్కోవచ్చు.